తునికాకు: అటవీ హద్దుల పాలన, వనరు మనుగడ

బీడీలు చుట్టడానికి వాడే తునికాకు, మధ్య భారతంలోనూ దక్కనులోనూ ఆకురాల్చే అడవుల్లో విస్తారంగా పెరిగే తునికి చెట్టు (శాస్త్రీయనామం డయోస్పైరోస్ మెలనోజైలాన్) నుంచి లభిస్తుంది. వేసవికి ముందు పొదలను కొట్టివేస్తే మొదళ్ళ నుంచి వెడల్పైన లేత ఆకు పుట్టుకొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దాన్ని కోసి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లంలో ఆరబెట్టి, 1,000 కట్టలను ఒక ప్రామాణిక సంచిగా లెక్కిస్తారు. కొట్టే శ్రమ తప్పించుకోవడానికి అడవికి నిప్పు పెట్టినా చిగురు వస్తుంది గానీ, ఆ మంటల్లో ఇతర వృక్షాల మొలకలు కూడా మాడిపోతాయి.

మధ్యప్రదేశ్‌లో 1964లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 1971లోనూ వచ్చిన చట్టాలు ఈ వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాయి. అడవిని యూనిట్లుగా విభజించి, ఒక్కో యూనిట్ ఆకును వేలంలో గుత్తేదారుకు అమ్మే పద్ధతి తెలుగు ప్రాంతాల్లోనూ స్థిరపడింది. దళారుల దోపిడీని అరికట్టడం దీని ఉద్దేశమే అయినా, గుత్తేదారుకు దక్కేది ఆ ఏటి ఆకు మీద హక్కే తప్ప నేల మీద బాధ్యత కాదు కనుక, వచ్చే ఏడు ఆ పొద ఏమవుతుందన్నది అతని లెక్కలోకి రాదు; ఈ పద్ధతిలోని అసలు లోపం ఇదే.

షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యాన్ని గ్రామసభలకు ఇవ్వాలని నిర్దేశించగా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం తునికాకును, వెదురును ఆ ఫలసాయంలో పేరుపెట్టి చేర్చింది. అయితే సరుకును అడవి దాటించే రవాణా అనుమతి అటవీశాఖ చేతిలోనే ఉన్నంతకాలం యాజమాన్యం కాగితానికే పరిమితమైంది. 2012లో సవరించిన నిబంధనలు ఆ అనుమతి ఇచ్చే అధికారాన్ని గ్రామసభ కమిటీకి అప్పగించాయి.

తెలంగాణకు పొరుగున, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో సామూహిక హక్కు పత్రాలు పొందిన అనేక గ్రామసభలు ఆ తర్వాత తామే టెండర్లు పిలిచి ఆకు అమ్ముకోసాగాయి. చంద్రపూర్ జిల్లాలోని పాచ్‌గావ్ ఇందుకు భిన్నమైన దారి పట్టింది. ఆకు కోసం కొమ్మలు కొట్టడం, నిప్పు పెట్టడం అడవికి చేటనీ, కొట్టకుండా వదిలిన చెట్టు కాసే తునికి పండ్లు ఊరికి తిండిగా ఉపయోగపడతాయనీ భావించి, ఆ గ్రామసభ తునికాకు సేకరణనే మానుకుంది. ఈ నిర్ణయానికి వెదురు రాబడి అండగా నిలిచింది. అటువంటి ప్రత్యామ్నాయం లేక, వేసవిలో చేతికందే తునికాకు కూలి మీదే వానాకాలం సాగు ఖర్చులకు ఆధారపడే గ్రామాలు హక్కు పత్రం ఉన్నా అలా మానుకోవడం కష్టం.