ఏనుగు మల్లమ్మ కొండ నుండి వంతు విడిది వరకు

వేసవి తాపమునకు ఓర్వలేక చల్లని తావును వెదకికొనుట మన సీమవారికి క్రొత్త కాదు. కుప్పము నుండి పలమనేరు, పుంగనూరుల మీదుగా మదనపల్లెకు వచ్చు బాటసారికి, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఆ పీఠభూమి గాలియే మొదటి విశ్రాంతి. అటనుండి సుమారు 30 కిలోమీటర్ల దూరమున, 4,100 అడుగుల ఎత్తున నిలిచియున్నది హార్సిలీ కొండ. కుటుంబసమేతముగా నాలుగు దినములు అచ్చట గడుపవలెనను కోరిక ఎవరికి ఉండదు? కాని ఆ కోరిక తీరు మార్గము కాలమును బట్టి మారుచు వచ్చినది. ఆ మార్పునే మనమిప్పుడు పరిశీలింతము.

ఈ కొండకు పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అను బాలిక కథ ఈ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కడప జిల్లా కలెక్టరు డబ్ల్యు. డి. హార్సిలీ ఇచ్చటి చల్లదనమునకు ముగ్ధుడై వేసవి విడిదిని కట్టించుకొనెను. మదనపల్లె అప్పటికి కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. మదరాసు ప్రభుత్వము వేసవిలో ఉదకమండలమునకు తరలిపోవుచుండిన రోజులవి. కొండగాలి ఆనాడు ఉద్యోగముతో కూడ వచ్చు భోగము. కొండకు కలెక్టరు పేరు నిలిచినది. మల్లమ్మ పేరు కథలలో మిగిలినది.

మదనపల్లె గాలి రోగులకును, అలసినవారికిని ఆశ్రయమైనది. 1912లో స్థాపితమైన క్షయ చికిత్సాలయము ఊరి చెంత ఆరోగ్యవరముగా వెలసినది. 1919 ఫిబ్రవరిలో, దక్షిణదేశ సంచారముచే అలసిన రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని దినములు విశ్రమించిరి. జనగణమన గీతమును వారు ఆంగ్లమున తమ చేతివ్రాతతో అనువదించినది అచ్చటనే, ఆ నెల 28వ తేదీన. కొలది దినముల విశ్రాంతి ఎంతటి ఫలమునీయగలదో చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనము వలదు.

అయితే సామాన్య గృహస్థు సంగతి యేమి? అతనికి దారిలో ధర్మసత్రము ఉండెను. కాని అది యాత్రికుని కొరకు, విహారి కొరకు కాదు. ప్రయాణికుల బంగళాలును, అటవీశాఖ బంగళాలును తరువాత వచ్చినవి. వానియందు సర్కారీ పనిమీద వచ్చు అధికారికే మొదటి హక్కు. అధికారి వచ్చినచో ముందు దిగిన గృహస్థు తట్టాబుట్టా సర్దుకొనవలసినదే. స్వాతంత్ర్యానంతరము పర్యాటకశాఖ విడిదులు ఏర్పడి, రుసుము చెల్లించిన వారికెల్ల గదులు దొరకుట మొదలైనది. గాలిబండపై నిలిచి సూర్యాస్తమయమును చూచు అవకాశము అందరిదైనది.

ఇక ఒకే వస్తువును పలువురు కాలమును బట్టి పంచుకొను పద్ధతికి వత్తము. ఇది పరదేశమునుండి వచ్చిన వింత యని తలంపనేల? మన చెరువుల క్రింద నీరుగంటి వంతు ప్రకారము మడులకు నీరు పారించెడివాడు. రైతునకు చెరువు సొంతము కాదు. వంతు మాత్రము అతనిది. తిరుమలలో మిరాసీ అర్చకులు వంతులవారీగా సేవచేసి ఆదాయమును పంచుకొనెడివారు. 1987 చట్టముతో ఆ వంశపారంపర్య హక్కు రద్దైనది. కాలమును కొలిచి హక్కుగా పంచుకొనుట మనవారికి చిరపరిచితమే.

విహారగృహములకు ఈ వంతు పద్ధతి ఐరోపాలో అన్వయింపబడినది. 1963లో స్విట్జర్లాండున హాపిమాగ్ అను సంస్థ ఏర్పడి, వాటాదారులు విడిదులను పంచుకొని వాడుకొను ఏర్పాటు చేసినది. దీనికే టైమ్‌షేర్ అని పేరు. 1974లో అమెరికాయందు ఆర్.సి.ఐ. సంస్థ, ఒక చోటి వారమును మరియొక చోటి వారముతో మార్చుకొను సౌకర్యమును కల్పించినది. మన దేశమున 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ సంస్థలు నెలకొన్నవి. మొదట హక్కు వారములలో ఉండెను. పిమ్మట పాయింట్లు వచ్చినవి. పెద్ద గదికి, రద్దీ ఋతువునకు ఎక్కువ పాయింట్లు. చిన్న గదికి, వానకాలమునకు తక్కువ.

చిక్కు ఇచ్చటనే కలదు. సభ్యుడు విహారమునకు పోయినను పోకున్నను ఏటేటా నిర్వహణ రుసుము చెల్లింపవలయును. బిడ్డకు పరీక్షలు వచ్చెను, పెద్దలకు సుస్తీ చేసెను. ఆ యేటి పాయింట్లు వ్యర్థము కానున్నవి. అట్టివాడు వానిని మరియొక కుటుంబమునకు అద్దెకిచ్చును. పుంగనూరు ఉపాధ్యాయునకో, కుప్పము వర్తకునకో హోటలు ధరకన్న తక్కువకు వంటగది గల విడిది దొరకును. ఇరువురకును లాభమే. తన వంతు నీటిని పొరుగువానికి వదలిన రైతు చేసినదియు ఇట్టిదే.

కాని చెరువుకట్టపై రైతులిద్దరును ఒకరినొకరు ఎరుగుదురు. సాక్షిగా నీరుగంటి ఉండును. ఇచ్చట ఇచ్చువాడెవడో పుచ్చుకొనువాడు ఎరుగడు. విడిది సంస్థకును అద్దెదారునకును నడుమ నేరుగా ఒడంబడిక లేదు. గది చిక్కకున్నచో అతడు అడుగవలసినది సభ్యునినే. కావున కొన్ని జాగ్రత్తలు అవసరము. పాయింట్లను అద్దెకిచ్చుటకు ఆ సంస్థ నిబంధనలు అనుమతించునా? కొన్ని సంస్థలు బంధుమిత్రులను అతిథులుగా పంపనిచ్చునే గాని లాభమునకు అద్దెకీయనీయవు. ఆ యేటి నిర్వహణ రుసుము చెల్లినదా? గది మన పేరనే నమోదైనదా? దీనిని సభ్యుని నోటి మాటతో సరిపెట్టక, విడిది కార్యాలయమునే అడిగి తెలిసికొనవలెను. నమోదు పత్రము చేతికి వచ్చువరకు పూర్తి పైకము చెల్లింపరాదు. రద్దయినచో ఎంత తిరిగివచ్చునో, అచ్చట అదనపు రుసుములేవియో కాగితముపై వ్రాయించుకొనవలెను. పిల్లలను వెంటబెట్టుకొని ఘాటు దారి ఎక్కిన పిదప గది లేదని విన్నచో, కోల్పోవునది ధనము మాత్రమే కాదు. ఏడాదంతయు ఎదురుచూచిన సెలవు.

ఒకనాడు పదవికి దక్కిన కొండగాలి, నేడు వంతుగా చేతులు మారుచున్నది. ఇది మంచి మార్పే. అయితే వంతు ఎన్నడును నమ్మకముపైననే నిలిచినది. నీరుగంటి లేని చోట, కాగితమునే నీరుగంటిగా నిలుపుకొనుట గృహస్థునకు క్షేమము.