దుబువాగారి వెనుక నిలిచిన పెద్దాయన

ఈ శతవార్షిక సంచికకు మన సీమలో మసలిన పాత ఫ్రెంచి గురువులను గూర్చి ఒక వ్యాసం కావాలని సంపాదక మిత్రులు అడిగినప్పుడు మేము వెంటనే సరేనన్నాము. చెప్పవలసిన పేరు మా దగ్గర సిద్ధంగా ఉన్నదని మా ధీమా. తీరా వ్రాయడానికి కూర్చున్న తర్వాత ఆ పేరు పక్కకు తప్పుకొని, దాని వెనుక నుండి మరొక పేరు బయటికి వచ్చింది.

మేము ఒంటిమిట్ట వాళ్లము. మా ఊరికి వచ్చిన ఫ్రెంచివాడెవరని అడిగితే చదువుకున్నవాళ్లు టావెర్నియర్ పేరు చెబుతారు. ఆయన రత్నాల వర్తకుడు. 1652లో గండికోటలో ఉన్న మీర్ జుమ్లాను కలుసుకొనడానికి పోతూ దారిలో కోదండరామస్వామి ఆలయాన్ని చూశాడు. ఈ దేశంలోని మిక్కిలి గొప్ప గుళ్లలో ఇది ఒకటనీ, అంతా పెద్ద పెద్ద చెక్కుడు రాళ్ల కట్టడమనీ, మూడు గోపురాలున్నాయనీ, చేరువలో పెద్ద చెరువున్నదనీ తన యాత్రాగ్రంథంలో వ్రాసుకున్నాడు. గండికోటలో ఆయనకు తన దేశస్థుడే ఒకడు కనబడ్డాడు. పేరు క్లోద్ మాయ్, బూర్జ్ పట్టణంవాడు. మీర్ జుమ్లాకు ఫిరంగులు పోసిస్తానని ఒప్పుకొని, గుళ్ల నుండి తెచ్చిన విగ్రహాలను కరిగించబోయాడు. ఒక్క ఫిరంగి కూడా సరిగా కుదరలేదట. చివరకు కొలువు వదలి వెళ్లిపోయాడు. వీళ్లందరూ వచ్చిపోయినవాళ్లే. కాని ఆ బూర్జ్ అనే ఊరి పేరును పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

వచ్చి ఉండిపోయినవారి మాట వేరు. మా ఇండ్లలో పెద్దవాళ్లు ‘పరాసు తాత’ అని ఒకాయనను చెప్పుకొనేవారు. పరాసువారంటే ఫ్రెంచివారని పాతకాలం తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ తాత కావి గుడ్డలు కట్టేవాడట, నీసు ముట్టేవాడు కాదట, మన పెద్దలకు జ్ఞానస్నానం ఇచ్చినది ఆయనేనట. రక్తసంబంధం లేకపోయినా మనవాళ్ల లెక్కలో ఆయన ఇంటి పెద్దే. ఎవరాయన అని వెదకిన మాకు ఆబే దుబువాగారి పుస్తకం దొరికింది. ఇంక వెదకడం మానేశాము. కొన్నేళ్ల క్రిందట మా విచారణ పండుగ సభలో ‘మన పరాసు తాత దుబువాగారే’ అని అరగంట ఉపన్యసించాము కూడా. పిల్లలకు ఆ పేరు దుబాయి అని వినబడి నవ్వారు. మా తట్టు ఇంటికొకరు కువైటులో ఉన్నందువల్ల అది వాళ్ల తప్పు కాదు.

సభ ముగిసిన తర్వాత మాకు పెద్దమ్మ వరుసయ్యే ఒకావిడ దగ్గరికి వచ్చి, “ఏం నాయనా, మా జేజి చెప్పిన తాత మన తెలుగే మాట్లాడేటోడంట. నువ్వు చెప్పే ఆయన మైసూరులో ఉండె అంటివి. మనోళ్లతో ఆయనకేం పని?” అన్నది. మేము ఏదో సర్దిచెప్పి పంపించాము. ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు. ఈ వ్యాసం పేరిట మళ్లీ మొదటికి వచ్చి చూడవలసివచ్చింది.

ముందుగా దుబువాగారి సంగతి. ఈయన దక్షిణ ఫ్రాన్సులోని ఆర్దెష్ ప్రాంతంలో సాఁ రెమేజ్ అనే పల్లెవాడు. 1766 జనవరిలో జ్ఞానస్నానం పొందినట్లున్నది. విప్లవం చెలరేగిన రోజుల్లో, 1792లో గురుపట్టం పుచ్చుకొని ఆ ఏడే ఓడ ఎక్కాడు. 1799లో శ్రీరంగపట్నం కూలిన తరువాత అక్కడి చెదరిపోయిన క్రైస్తవులను చేరదీయడానికి మైసూరు రాజ్యానికి వెళ్లాడు. మన దేశపు వేషం వేసుకొని, మన తిండి తిని, 30 ఏళ్లకు పైగా ఈ గడ్డ మీద బ్రతికాడు. హాసన్ దగ్గర సాతల్లిలో బీదలకు వ్యవసాయపు పల్లె ఒకటి నెలకొల్పాడు. అమ్మవారి టీకాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, 1803-04 సంవత్సరాలలో, 25 వేల మందికి పైగా టీకాలు వేయించాడు. కన్నడ సీమవాళ్లు దొడ్డ స్వామి అని పిలుచుకున్నారు. ఇవన్నీ నిజాలు, గొప్ప పనులు. వీటి విషయంలో మేము ఆ సభలో చెప్పిన ఒక్క మాటా వెనక్కి తీసుకోనక్కరలేదు.

ఆయన పేరు లోకమంతా మ్రోగింది మాత్రం పుస్తకం వల్ల. హిందువుల ఆచార వ్యవహారాలను గూర్చి ఫ్రెంచిలో ఉన్న ఒక వ్రాతప్రతిని మద్రాసు గవర్నరు బెంటింక్ కాలంలో కంపెనీవారు ఆయన దగ్గర 2,000 వరహాలకు కొన్నారు. 1816లో దాని ఇంగ్లీషు అనువాదం అచ్చయింది. 1825లో ఫ్రెంచి ప్రతి, 1897లో బోషాంప్ దొర కొత్త అనువాదం వెలువడ్డాయి. మన దేశానికి ఉద్యోగానికి వచ్చే దొరలందరూ చదివిన పుస్తకమిది. 1826లో పంచతంత్రాన్ని కూడా ఫ్రెంచిలోకి మార్చాడు. దానికి అరవ, తెలుగు, కన్నడ ప్రతులు మూడింటినీ చూశాడు. ఆ ‘తెలుగు’ అన్న ఒక్క మాట పట్టుకొనే మేము ఆయనను మనవాడిగా కలుపుకొన్నామని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. 1823 జనవరిలో ఆయన ఇండియా వదలి వెళ్లాడు. ఆ ఏడే లండనులో అచ్చయిన తన లేఖల్లో, హిందువులలో క్రైస్తవం నాటుకొనే ఆశ లేదని తేల్చి వ్రాశాడు. తర్వాత పారిస్‌లోని విదేశ ప్రేషిత గురుకులానికి పెద్దగా ఉండి, 1848లో కన్నుమూశాడు. మనం నాటుకోమని వ్రాసిపోయిన పెద్దమనిషిని మన శతవార్షిక సంచికలో మొదటి పుటకు ఎక్కించబోయాము!

ఇక అసలు మలుపు. 1987లో సిల్వియా ముర్ అనే ఫ్రెంచి పండితురాలు రెండు సంపుటాలు ప్రకటించింది. ఆమెకు దొరికినది 1777 నాటి ఒక వ్రాతప్రతి. పుదుచ్చేరిలో ఫిరంగి దళపు అధికారిగా ఉన్న దెవో అనే ఆయన సిద్ధం చేసినది. పేరు ‘భారతీయుల నడవడులు, ఆచారాలు’. దుబువాగారి పుస్తకంలో లోకం మెచ్చుకొన్న వర్ణనలెన్నో అందులో ముందే ఉన్నాయి. 1777 నాటికి దుబువాగారి వయస్సు 11 ఏళ్లు. ఆయన అప్పటికి తన పల్లె దాటి ఉండడు. దెవో కూడా దానిని సొంతంగా వ్రాయలేదు. ఆ ఇద్దరికీ మూలం ఒక ముసలి యేసుసభ గురువు వ్రాసిపెట్టిన గ్రంథమని ముర్ పంక్తికి పంక్తి పక్కన పెట్టి చూపించింది. ఆ గురువు పేరు గాస్తోఁ లోరాఁ కేర్దూ. ఆయన స్వగ్రామం బూర్జ్. గండికోటలో ఫిరంగులు పోయలేక పారిపోయినవాడి ఊరే.

ఆయన కొలువు చేసినది ఎక్కడో కాదు, మన తెలుగు సీమలోనే.

కేర్దూగారు 1691 డిసెంబరులో పుట్టాడు. 1715లో యేసుసభలో చేరి, 1732లో ఇండియాకు వచ్చాడు. ఆ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి యేసుసభవారు కర్ణాటక మిషను అనే పేరుతో పుంగనూరు మొదలుకొని పడమటి తెలుగు నేల మీద అడుగుపెట్టి ఉన్నారు. లెగాక్, కల్మెత్ మొదలైనవారు ఆ మిషనులోని ముందు తరం గురువులు. కల్మెత్‌గారు 1730 దశకంలో వేదాల ప్రతులను సంపాదించి పారిస్ రాజుగారి గ్రంథాలయానికి పంపినవాడు. వీళ్లు సన్యాసుల మాదిరి కావి కట్టి, శాకాహారంతో బ్రతికారు. పెద్దమ్మ జేజి చెప్పిన గుర్తులన్నీ సరిపోయేది ఇక్కడ. కేర్దూగారు కృష్ణాపురంలో ఉండి తెలుగును క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపిన నిఘంటువు ఒకటి కూర్చాడు. అది వ్రాతప్రతిగానే మిగిలింది. తర్వాత నూరేళ్లకు మన కడపలో కాపురమున్న బ్రౌను దొర నిఘంటువు 1852లో అచ్చయి నేటికీ ఇంటింటా ఉన్నది.

మాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం 1742లో ఆయన వ్రాసిన అద్దకం బట్టల లేఖ. మన కలంకారీ గుడ్డల రంగు ఎన్ని ఉతుకులకైనా వెలియదు. ఆ కిటుకు యూరపువారికి అప్పటికి పూర్తిగా తెలియదు. ఆయన తన దగ్గర జ్ఞానస్నానం పొందినవారిలో ఆ పని తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకొని అడిగి తెలుసుకొన్నాడు. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో తడిపి ఆరబెట్టడం, ఆ పైన గీతలు గీయడం, నీలిమందు అంటకూడని చోట మైనం పూయడం, చిరివేరుతో ఎరుపు తేల్చడం, ఇట్లా ఒక్కొక్క మెట్టూ వ్రాశాడు. పాలు ఎందుకంటే వాటి జిడ్డు వల్ల గీసిన రంగు చుట్టూ పాకదు. కరక్కాయ వగరు రంగును నూలుకు పట్టిస్తుంది. రాజుల చరిత్రలు వ్రాసినవాళ్లు వేలమంది. మన అద్దకపువాళ్ల పక్కన నేల మీద కూర్చొని, ఎనుము పాలెన్ని, కరక్కాయలెన్ని అని అడిగిన దొరలు ఎందరు? ఆ కిటుకు బయటి దేశాలకు పోయినందున మన పనివాళ్లకు మేలు కలిగిందా, కీడు కలిగిందా అనేది వేరే చర్చ. మా మట్టుకు మాకు దాని మీద అనుమానమే.

మరొక లేఖ 1767 నాటిది. పారిస్‌లోని విద్వత్సభకు చెందిన ఆబే బార్తెలెమీకి వ్రాసినది. సంస్కృతంలో ఇన్ని మాటలు లాటిను, గ్రీకు మాటలను పోలి ఎందుకున్నాయని ఆయన అడిగాడు. మనం ‘దానం’ అంటే లాటిను వాళ్లు ‘డోనుమ్’ అంటారు. మన ‘విధవ’ వాళ్ల ‘విదువా’. మన ‘అగ్ని’ వాళ్ల ‘ఇగ్నిస్’. వర్తకం వల్ల అరువు తెచ్చుకున్నవా? కావు, ఈ జాతులన్నిటికీ మూలం ఒక్కటే అయి ఉండాలని ఆయన తేల్చాడు. సర్ విలియం జోన్సు కలకత్తాలో ఇదే సంగతి చెప్పి జగత్ప్రసిద్ధుడైనది 1786లో, అంటే 19 ఏళ్ల తరువాత. కేర్దూగారి లేఖ విద్వత్సభ సంపుటంలో అచ్చు మొహం చూసినది 1808లో. అప్పటికి వ్రాసినాయన పోయి 29 ఏళ్లయింది. ఒక కీర్తి జోన్సుగారికి పోయింది, మరొకటి దుబువాగారికి పోయింది.

జోన్సుగారిని తప్పుపట్టలేము. ఆయన దారిన ఆయన కనుక్కున్నాడు. దుబువాగారి విషయంలో మాత్రం మా మనస్సు సమాధానపడలేదు. పాత గురువుల కాగితాలు మఠం నుండి మఠానికి చేతులు మారే కాలమది, నిజమే. ఆయన కూడా 30 ఏళ్లు చూసి, అనుభవించి ఎంతో చేర్చాడు, అదీ నిజమే. అయినా 2,000 వరహాలు పుచ్చుకొనేటప్పుడు ఆ ముసలాయన పేరు ఒక్కసారి చెప్పి ఉండవలసినది.

ఆ ముసలాయన కడపటి రోజులు తలచుకుంటే బాధ కలుగుతుంది. 1744 నుండి 1751 వరకు ఆయన కర్ణాటక మిషనుకు పెద్దగా ఉన్నాడు. తరువాత ఫ్రెంచి, ఇంగ్లీషు యుద్ధాలు. 1761లో ఇంగ్లీషువారు పుదుచ్చేరిని పట్టుకొని నేలమట్టం చేశారు. 1773లో పోపుగారు యేసుసభనే రద్దు చేశారు. 58 ఏళ్లు ఏ సభలో బ్రతికాడో ఆ సభ ఆయన కళ్ల ముందే లేకుండా పోయింది. 1776లో ఆ మిషనును పారిస్ విదేశ ప్రేషిత సభవారికి అప్పగించారు. దుబువాగారు తర్వాత వచ్చి చేరినది ఆ సభలోనే. 1779 జూన్ 15న పుదుచ్చేరిలో కేర్దూగారు చనిపోయాడు. అప్పటికి ఆయనకు 87 ఏళ్లు. స్వదేశం మళ్లీ చూడలేదు. అటు రాయలసీమలో కరువులకూ దండుల రాకపోకలకూ తాళలేక క్రైస్తవ రెడ్ల కుటుంబాలెన్నో గుంటూరు సీమకు వలసపోయాయి. ఫిరంగిపురం చుట్టుపట్ల పల్లెల్లో నేటికీ ‘మాది రాయలసీమ’ అని చెప్పుకొనేవారున్నారు.

పెద్దమ్మ జేజి చెప్పిన తాత కేర్దూగారే అని మేము ఈసారి తొందరపడి అనము. ఆ కావి గుడ్డల వాళ్లు పలువురు. ఆయన వారిలో ఒకడు, అంతే.

ఈ వ్యాసం చిత్తుప్రతి పూర్తయిన రోజు సాయంకాలం మేము పెద్దమ్మ ఇంటికి వెళ్లి, ఆ రోజు నువ్వన్నదే నిజమని చెప్పాము. అద్దకం సంగతి వినిపిస్తే, ఎనుము పాల దగ్గర ఆపి, “పచ్చి పాలా, కాచినవా?” అని అడిగింది. పచ్చివే అన్నాము. తల ఊపి, ఆయన పేరు మళ్లీ చెప్పమన్నది. చెప్పాము. రెండుసార్లు ప్రయత్నించినా ఆమె నోటికి తిరగలేదు. “పోనీలే నాయనా, పరాసు తాత అనే అనుకుంటా. పేరు మాత్రం నువ్వు సరిగా రాసిపెట్టు” అన్నది.

గాస్తోఁ లోరాఁ కేర్దూ.