పనిచేసే చోట భద్రత – కార్మికుని చట్టబద్ధమైన హక్కు

పరిశ్రమలు ప్రగతికి పట్టుగొమ్మలైతే, వాటిని నడిపించే శ్రామికుడు వాటికి ప్రాణం. ఉదయం డ్యూటీకి వెళ్ళిన కార్మికుడు సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరడం యాజమాన్యం దయపై గాని, అదృష్టంపై గాని ఆధారపడే విషయం కాదు. అది చట్టం కల్పించిన హక్కు. ఆ హక్కు ఏ మాత్రం ఉపేక్షించరానిదని ఇటీవలి దుర్ఘటనలు చాటుతున్నాయి. 2020 మే 7న విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మృతి చెందారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఔషధ కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలో సంభవించిన పేలుడులో 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ నేపథ్యంలో కార్మిక భద్రతా చట్టాల పరిణామాన్ని, ప్రస్తుత నిబంధనలను తెలుసుకొనుట అందరికీ అవసరం.

చట్టాల పరిణామం

మన దేశంలో తొలి కర్మాగారాల చట్టం 1881లో వచ్చింది. ఏడేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదన్నది అందులోని ముఖ్య నిబంధన. 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం, స్వాతంత్ర్యానంతరం 1948లో సమగ్ర కర్మాగారాల చట్టం, అదే సంవత్సరంలో ఉద్యోగుల రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) చట్టం రూపొందాయి. 1984 డిసెంబరులో భోపాల్‌లో జరిగిన విషవాయు దుర్ఘటన దేశాన్ని కుదిపివేసింది. దాని ఫలితంగా 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించి, ప్రమాదకర రసాయనాల వివరాలను కార్మికులకు, పరిసర ప్రజలకు తెలియజేయుటను తప్పనిసరి చేశారు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది.

వీటిలో కర్మాగారాలు, గనులు, భవన నిర్మాణం, కాంట్రాక్టు కార్మికులు తదితర 13 చట్టాలను క్రోడీకరించి పార్లమెంటు 2020లో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను ఆమోదించింది. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది.

యాజమాన్యాల బాధ్యతలు

ప్రతి కార్మికునికి నియామక పత్రం ఇవ్వాలి. నిర్దేశించిన వర్గాల వారికి ఏటా ఉచితంగా వైద్య పరీక్షలు జరిపించాలి. భద్రత, ఆరోగ్య పరిరక్షణ కోసం చేసే ఏర్పాట్ల ఖర్చును కార్మికుని నుండి వసూలు చేయరాదు. గతంలో 1,000 మంది కార్మికులున్న కర్మాగారాలకే భద్రతాధికారి తప్పనిసరి కాగా, ఇప్పుడు ఆ పరిమితిని 500కు తగ్గించారు. హానికర ప్రక్రియలు జరిగే కర్మాగారాల్లోను, భవన నిర్మాణ పనుల్లోను 250 మంది, గనుల్లో 100 మంది ఉంటే భద్రతాధికారిని నియమించాలి.

మరొకవైపు, విద్యుత్తుతో నడిచే కర్మాగారం నిర్వచనంలో కార్మికుల సంఖ్యను 10 నుండి 20కి పెంచారు. కనుక చిన్న యూనిట్లలో పనిచేసేవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. అయితే హానికరమైన, ప్రాణాపాయం గల కార్యకలాపాలు సాగే చోట ఒక్క కార్మికుడున్నా ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఈ కోడ్‌ను వర్తింపజేయవచ్చు.

కార్మికుల హక్కులు

తాను పనిచేసే చోట భద్రతకు సంబంధించిన సమాచారాన్ని కోరే హక్కు కార్మికునికి ఉన్నది. ప్రాణాపాయం గాని, తీవ్ర గాయం గాని తక్షణమే సంభవించగలదని సహేతుకమైన అనుమానం కలిగినప్పుడు ఆ విషయాన్ని నేరుగా లేదా భద్రతా కమిటీ ద్వారా యజమానికి తెలియజేయవచ్చు. అదే సమయంలో ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ దృష్టికి కూడా తీసుకువెళ్ళవచ్చు. యజమాని వెంటనే నివారణ చర్య తీసుకొని ఆ అధికారికి నివేదిక పంపాలి. ప్రమాదం లేదని యజమాని భావిస్తే తానే నిర్ణయించుకొనుటకు వీలు లేదు. విషయాన్ని అధికారికి నివేదించాలి, ఆయన నిర్ణయమే అంతిమం.

కాంట్రాక్టు కార్మికుల సంక్షేమ సౌకర్యాల బాధ్యత ప్రధాన యజమానిదే. పాశమైలారం మృతులలో పలువురు బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల నుండి వచ్చినవారు. ఇటువంటి అంతర్రాష్ట్ర వలస కార్మికులు స్వస్థలానికి వెళ్ళి వచ్చుటకు యజమాని ప్రయాణ భత్యం చెల్లించాలని కోడ్ నిర్దేశించింది.

శిక్షలు, పరిహారం

విధుల ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే బాధ్యులకు రెండేళ్ళ వరకు జైలు శిక్ష, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగాన్ని మృతుని వారసులకు ఇప్పించే అధికారం న్యాయస్థానానికి ఉన్నది. పరిహార నిబంధనలు ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో చేరాయి. పనికి వెళ్ళి వచ్చే దారిలో జరిగే ప్రమాదాలను సైతం, విధులతో సంబంధం నిరూపితమైతే, ఆ కోడ్ పరిగణనలోకి తీసుకొంటుంది.

చట్టం ఎంత పటిష్టమైనదైనా అది కాగితంపై ఉన్నంతకాలం ప్రాణాలను కాపాడలేదు. జాతీయ భద్రతా మండలి ఏర్పడిన మార్చి 4న ఏటా జాతీయ భద్రతా దినాన్ని పాటిస్తున్నాము. ఆనాటి ప్రతిజ్ఞ ఏడాది పొడవునా ప్రతి షిఫ్టులోను ఆచరణలో కనిపించాలి. యాజమాన్యాలు భద్రతకు చేసే వ్యయాన్ని భారంగా భావించరాదు. కార్మికులు తమ నియామక పత్రాన్ని, ఇ.ఎస్.ఐ. నమోదు వివరాలను భద్రపరచుకొని, ప్రమాద సూచన కనిపించిన వెంటనే నిర్భయంగా తెలియజేసి, చట్టం కల్పించిన రక్షణను సద్వినియోగం చేసుకోవాలి.