పాత అద్దెవారి పేరున వచ్చే ఉత్తరాలు

హోసూరు, బళ్ళారి, బరంపురం, యానాం వంటి ఊళ్ళలో బదిలీపై వచ్చి వెళ్ళే కుటుంబాలకు కొదవ లేదు. వారు ఖాళీ చేసిన ఇంటికి బ్యాంకు లేఖలు, బీమా నోటీసులు, ఇంటర్వ్యూ పిలుపులు ఆ తరువాత కూడా వస్తూనే ఉంటాయి. వాటిని తెరవరాదు. "ఎప్పుడైనా వస్తే ఇద్దాం" అని అల్మారాపై పేర్చి ఉంచడం మనవారి అలవాటు. అది మర్యాదగానే తోస్తుంది గాని, ఆ లోపున ఇంటర్వ్యూ తేదీ దాటిపోతుంది.

క్రొత్త చిరునామా తెలిసినట్లయితే, పేరును అట్లే ఉంచి, పాత చిరునామాను మాత్రం గీతతో కొట్టివేసి, ప్రక్కన క్రొత్తది వ్రాసి పోస్టుమ్యాన్‌కు ఇవ్వాలి. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఆరంకెల పిన్‌కోడ్‌ను మరువరాదు. యానాం పాలన పుదుచ్చేరిదే అయినా పిన్ మాత్రం 533464; పుదుచ్చేరి పట్టణపు 605 వరుస అంకెలు వేస్తే ఉత్తరం దారి తప్పుతుంది.

చిరునామా తెలియనప్పుడు "ఈ ఇంట లేరు" అని వ్రాసి తిరిగి ఇవ్వాలి. తెలుగులో మాత్రమే వ్రాస్తే ఒడియా, తమిళ, కన్నడ ఉద్యోగులకు అర్థం కాకపోవచ్చు; ఇంగ్లీషులోనో, ఆ రాష్ట్ర భాషలోనో కూడా వ్రాయడం మేలు. పంపినవారి చిరునామా కవరుపై ఉంటే అక్కడికే పోతుంది. లేకుంటే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు చేరుతుంది. చిరునామా కోసం కవరు విప్పి చూసే పని అక్కడిదే.

స్పీడ్ పోస్టును మాత్రం వారి తరఫున సంతకం చేసి తీసుకోరాదు. సంతకం పడితే అది చేరినట్లే లెక్క; కోర్టు నోటీసైతే వారికి తెలియకుండానే వాయిదా గడిచిపోవచ్చు.