మ్రోగిన దెబ్బ – వ్రాసిన దెబ్బ

వాయించుచుండగనే సంగీతము తనంత తాను కాగితముపై పడవలెనన్న కోరిక నేటిది కాదు. 1747లో లండన్ రాయల్ సొసైటీ వారి పత్రికలో క్రీడ్ అను మతాచార్యుని వ్యాసము వెలువడినది. విద్వాంసుడు మనోధర్మముతో అప్పటికప్పుడు వాయించినదానిని వెంటనే వ్రాసికొను యంత్రము సాధ్యమేనని ఆయన వాదము. 1752లో బెర్లిన్ నగరమున హోల్‌ఫెల్డ్ అను శిల్పి అటువంటి యంత్రమును నిర్మించెను కూడ. మెట్టు నొక్కినప్పుడెల్ల కదలుచున్న కాగితముపై పెన్సిలు గీత గీయును. మెట్టును ఎంతసేపు నొక్కియుంచిన గీత అంత పొడవగును. ఉపాయము చక్కనిదే. కాని ఆ గీతలను చదువదగిన స్వరలిపిగా మార్చుట యంత్రమునకు చేతకాలేదు. దానికి మనిషియే కూర్చుండవలసివచ్చెను. ఈ రెండవ పనియందే అసలు చిక్కంతయు ఉన్నది. డ్రమ్ముల విషయమున ఆ చిక్కు మరింత స్పష్టముగ కనబడును.

1980 ప్రాంతమున ఎలక్ట్రానిక్ వాద్యములు చేయు సంస్థలు అనేకములుండెను. ఒకరి వాద్యమునకు మరియొకరి వాద్యముతో పొత్తు కుదరదు. అందరికిని ఒకే భాష కావలెనని 1981లో కాలిఫోర్నియా వాసి డేవ్ స్మిత్, చెట్ వుడ్ అను సహచరునితో కలిసి ఒక పత్రమును సమర్పించెను. జపానులో రోలండ్ సంస్థను స్థాపించిన ఇకుతారో కకెహషి ఈ యత్నమునకు అండగా నిలిచెను. 1983 జనవరిలో ఆనహైమ్ నగరపు వాద్యప్రదర్శనలో ఇద్దరి వాద్యములను తీగతో కలిపి, ఒకదానిని వాయింపగా రెండవది మ్రోగుట చూపిరి. ఆ భాషయే మిడి.

మిడి తీగలో నాదము ప్రవహింపదు. ఈ సంగతి మొదట గ్రహింపవలెను. ఏ మీట, ఎప్పుడు, ఎంత బలముతో నొక్కబడినదో ఆ వార్త మాత్రమే సాగును. బలమును 127 వరకు అంకెలతో లెక్కింతురు. ఒక దెబ్బ వార్త చేరుటకు సెకనులో సుమారు వెయ్యవ వంతు పట్టును. చేత దాచబడినది నాదము గాక వాయించిన చేష్ట యగుటచే సవరణ మిక్కిలి సులభము. తప్పిన దెబ్బను తీసివేయవచ్చును, మెత్తనిదానికి బలము పెంచవచ్చును, ఒక డ్రమ్ము నాదమునకు బదులు మరొకదానిని నిలుపవచ్చును. టేపును బ్లేడుతో కోసి అతికించిన రేడియో శాఖల వారికి ఇది ఇంద్రజాలముగ తోచినచో ఆశ్చర్యము లేదు.

1991లో ఏ అంకెకు ఏ డ్రమ్మో నిర్ణయించు పట్టిక యొకటి ఏర్పడినది. కాలితో మ్రోగించు పెద్ద డ్రమ్మునకు 36, స్నేర్ డ్రమ్మునకు 38, మూసిన జోడు తాళములకు 42. ఈ రీతిగ 35 మొదలు 81 వరకు నలుబదియేడు నాదములు. క్యూబా కోంగాలకు, బ్రెజిల్ క్వీకాకు అందులో చోటున్నది. మృదంగమునకు, తబలాకు లేదు. ఆ ఏర్పాటులోనే స్వరవాద్యముల జాబితాలో సితారును, షెహనాయిని చేర్చిన పెద్దలు మన చర్మవాద్యములను ఏల మరచిరో!

ఇక ముద్రణ. 36 అను అంకె డ్రమ్ముదని తెలియని కంప్యూటరు దానిని స్వరముగ భావించి, నడిమి షడ్జమునకు రెండు స్థాయిల క్రింద అచ్చువేయును. అది చూచి పియానో వాయించినవాని గతి యేమి? డ్రమ్ములకైన ఐదు గీతల లిపిలో ఒక్కొక్క గీత ఒక్కొక్క వాద్యమును సూచించును గాని స్థాయిని కాదు. తాళములకు ఇంటూ గుర్తు పెట్టుదురు. మరియు డ్రమ్ము దెబ్బకు నిడివి లేదు. పుల్ల తగిలిన మరుక్షణము వార్త ముగియును. దానిని ఉన్నదున్నట్లు అచ్చువేసినచో పుటనిండ అతిసూక్ష్మ స్వరములు, వాని నడుమ విరామచిహ్నములు చీమలబారువలె కనబడును.

అన్నిటికంటె కష్టమైనది కాలము. నిమిషమునకు 120 లెక్కల నడకలో ఒక లెక్కకు అర సెకను. ఆ లెక్కను కంప్యూటరు 480 భాగములు చేసినదనుకొందము. నాలుగవ వంతు 120వ భాగమున పడవలెను. వాయించినవాడు 132వ భాగమున కొట్టెను. అనగా సెకనులో ఎనుబదియవ వంతు ఆలస్యము. అది తడబాటా, లేక వాని నడకలోని సొగసా? చెవి చెప్పగలదు, అంకె చెప్పలేదు.

1980లో అమెరికాలో రోజర్ లిన్ తన డ్రమ్ము యంత్రమునందు ఈ ప్రశ్నకు ఒక జవాబు నమర్చెను. నిజమైన డ్రమ్ముల నాదములను అంకెలుగ దాచిన తొలి యంత్రమది. దెబ్బ ఎక్కడ పడినను సమీపపు గీతమీదికి జరుపు కాలసవరణ అందులో కలదు. కేవలము సరళరేఖ వంటి లయ విసుగు పుట్టించునని లిన్‌కు తెలియును గాబోలు, జంట దెబ్బలలో రెండవదానిని కొంచెము వెనుకకు నెట్టు వీలు కూడ కల్పించెను. సగము సగముగ నున్న జంటను, మొదటిదానికి రెండు పాళ్లు, రెండవదానికి ఒక పాలు వచ్చువరకు సాగదీయవచ్చును. డ్రమ్ము వాయించి బ్రతుకువారికి ఇట్టి యంత్రములు భయము పుట్టించెను. 1982లో లండన్ సంగీతకారుల యూనియన్ శాఖ యొకటి వీనిని నిషేధింపవలెనని తీర్మానించినది.

కాలసవరణకు బలియగు వానిలో మొదటిది జోడు దెబ్బ. రెండు పుల్లలును లేశమాత్రపు వ్యత్యాసముతో తగులుటయే దాని అందము. యంత్రము రెంటిని ఒకే గీతమీదికి లాగును; అలంకారము కాస్త ఒకే మోతగ మారిపోవును. డెట్రాయిట్ నగరపు జె డిల్లా, లిన్ రూపొందించిన యంత్రముమీదనే, పలుమార్లు కాలసవరణను నిలిపివైచి చేతివ్రేళ్లతో దెబ్బలను పొందుపరచెను. ఒకటి ముందు, ఒకటి వెనుక. అయినను లయ తప్పదు. 2006లో 32 ఏండ్ల వయస్సున ఆయన మరణించెను. ఆ యంత్రము వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియము చేరినది.

కాలక్రమమున లిపికారులైన కంప్యూటరు పనివారు ఒక వివేకము చూపిరి. వాయించినదానిని ముట్టక వేరుగ నుంచి, పుటపై కనబడు దానిని మాత్రమే సరిదిద్దుట. వినునది విద్వాంసుని కాలము. చూచునది లిపి కాలము. ఇట్టి రెండంతస్తుల ఉపాయము తెలుగు లిపిలో పూర్వమే కలదు. చిన్నస్వామి మొదలియారు పందొమ్మిదవ శతాబ్ది చివర త్యాగరాజ కృతులను ఐదు గీతల లిపిలో ప్రకటించెను. ఆయన ప్రోత్సాహమునకు ఫలముగ 1904లో ఎట్టయాపురమున తెలుగు అక్షరములతో వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో స్వరాక్షరము స్థిరముగ నుండును, గమకచిహ్నము దానికి తోడుగ వేరుగ నుండును.

2020లో ప్రకటితమైన రెండవ మిడిలో బలమునకు 65,536 మెట్లు కలవు. ఒక్కొక్క నాదమును విడివిడిగ వంచుటకును వీలున్నది. మృదంగపు ఎడమమూతిపై అరచేతి మణికట్టు ఒత్తుచు జరుపగా పుట్టు ఆ గుంభనమైన జారును ఇప్పుడు వార్తగ పంపవచ్చును. పుటమీద దానిని ఏ గుర్తుతో చూపవలెనో మాత్రము, దీక్షితులవలె వాద్యమెరిగిన వారెవరో కూర్చుండి నిర్ణయింపవలసియున్నది.