యూనిట్ – 9: జంట రాణుల పద్ధతి – తేనెటీగల పెంపకంలో దిగుబడికి కొలమానం ఏది?

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• తేనెటీగల పెంపకంలో ఏకరాణి, జంట రాణుల పద్ధతుల మధ్య తేడాను వివరించగలరు.
• జంట రాణుల పద్ధతి పుట్టుకకు తోడ్పడిన సాంకేతిక మార్పులను గుర్తించగలరు.
• ఎక్కువ దిగుబడి ఇచ్చిన పద్ధతి ఎందుకు విస్తరించలేదో చర్చించగలరు.
• దిగుబడి లెక్కలను చారిత్రక ఆధారాలుగా పరిశీలించగలరు.

9.1 పరిచయం

వ్యవసాయ సాంకేతిక చరిత్ర చదివేవారికి ఒక ప్రశ్న పదేపదే ఎదురవుతుంది. పరిశోధనా క్షేత్రంలో ఎక్కువ దిగుబడి ఇచ్చిన పద్ధతి రైతుల చేతుల్లో ఎందుకు నిలవదు? రైతుకు తెలియక వదిలేశాడా, తెలిసే వదిలేశాడా? మొదటి జవాబు తేలికైనది కాబట్టి చాలామంది దాన్నే రాస్తారు. అది ఎంతవరకు నిజమో తేల్చడానికి ఈ యూనిట్‌లో ఒక చిన్న ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఇది 1890ల నుంచి 1970ల వరకు ఇంగ్లండులోను, అమెరికాలోను నడిచిన కథ.

ముందుగా ప్రాథమిక విషయం గుర్తుంచుకోండి. తేనెటీగల కుటుంబంలో సాధారణంగా ఒకే రాణి ఈగ, వేలకొద్దీ కూలి ఈగలు, కొన్ని వందల పోతుటీగలు ఉంటాయి. కుటుంబాన్ని పెంచే గుడ్లు పెట్టేది రాణి. మకరందం, పుప్పొడి తెచ్చేవి కూలి ఈగలు. గుడ్డు కూలి ఈగగా మారడానికి 21 రోజులు పడుతుంది. ఆ ఈగ బయటికి వెళ్లి మకరందం తేవడానికి సుమారు మరో మూడు వారాలు పడుతుంది. అంటే పూలు విరగబూసే నాటికి పెట్టెలో ఈగలు నిండుగా ఉండాలంటే, ఆరు వారాల ముందే గుడ్లు ఎక్కువగా పడాలి. ఒక రాణి రోజుకు పెట్టగల గుడ్లకు హద్దు ఉంది. మరి ఒకే పెట్టెలో రెండు రాణులుంటే? జంట రాణుల పద్ధతికి మూలం ఈ ఆలోచనే.

9.2 పూర్వరంగం: ఒకే రాణి అన్న జ్ఞానం

ప్రాచీన గ్రీకు రచయిత అరిస్టాటిల్ తేనెటీగల నాయకుణ్ణి రాజుగానే పేర్కొన్నాడు. 1609లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ బట్లర్ తన గ్రంథంలో ఆ నాయకుడు ఆడ ఈగ అని గట్టిగా వాదించాడు. అదే శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త స్వామర్‌డామ్ రాణి ఈగను కోసి చూసి, అండాశయాలను గుర్తించాడు.

1792లో జెనీవాకు చెందిన ఫ్రాన్స్వా హ్యూబర్ తన పరిశీలనలను ప్రచురించాడు. హ్యూబర్ అంధుడు. ఆయన సహాయకుడు బర్నెన్స్ చూసి చెప్పగా, ఆయన ప్రశ్నలు వేస్తూ ప్రయోగాలు నడిపించాడు. రెండు రాణులు ఎదురుపడితే పోరాడతాయని, ఒకటి చనిపోయేదాకా పోరు ఆగదని ఈ పరిశీలనల్లో నమోదైంది. కాబట్టి జంట రాణుల పద్ధతికి ఒక షరతు ముందే ఏర్పడింది: రాణులు కలవకూడదు, కూలి ఈగలు మాత్రం కలిసి పనిచేయాలి.

ఈ షరతు తీరడానికి రెండు పరికరాలు అవసరమయ్యాయి. మొదటిది కదిలించగల చట్రాల పెట్టె. అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్ 1851లో ఒక సూత్రాన్ని గ్రహించి, 1852లో తన పెట్టెకు పేటెంటు పొందాడు. చట్రాల మధ్య, గోడల పక్కన 6 నుంచి 9 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే ఈగలు ఆ ఖాళీని మైనంతో పూడ్చవు. అందువల్ల పట్టును తెంచకుండా చట్రాన్ని పైకి తీయవచ్చు, ఒక కుటుంబాన్ని రెండుగా విడదీయవచ్చు, పెట్టెలను ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు. అంతకుముందు గడ్డితో అల్లిన బుట్టల్లో ఇవేవీ సాధ్యం కావు. రెండోది రాణి నిరోధక జాలీ. దీని సందుల్లోంచి కూలి ఈగ దూరిపోతుంది, ఛాతీ భాగం పెద్దదైన రాణి దూరలేదు. ఇది 19వ శతాబ్దపు రెండో సగంలో వాడుకలోకి వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
కదిలించగల చట్రాలు లేకుండా జంట రాణుల పద్ధతి ఎందుకు సాధ్యం కాదు?

9.3 తొలి ప్రయత్నాలు

1890ల దశాబ్దంలో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, ఐల్స్‌ఫర్డ్ గ్రామానికి చెందిన జార్జ్ వెల్స్ ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఒకే పెద్ద పెట్టెలో రెండు కుటుంబాలను పక్కపక్కన ఉంచి, మధ్యలో సన్నని రంధ్రాలున్న పలుచని చెక్క పలకను నిలబెట్టాడు. రంధ్రాల వల్ల రెండు కుటుంబాల వాసన కలిసిపోతుంది. పైన జాలీ వేసి, ఆపైన ఉమ్మడి తేనె గదులు పెట్టాడు. రెండు కుటుంబాల కూలి ఈగలూ అక్కడే తేనె నింపాయి.

20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఇ. డబ్ల్యు. అలెగ్జాండర్ మరింత సాహసించాడు. జాలీ లేకుండానే ఒకే పిల్లల గదిలో పలు రాణులను ఉంచవచ్చన్నాడు. అమెరికా తేనెటీగల పత్రికల్లో దీనిపై వేడి చర్చ జరిగింది. అయితే జాలీ లేకుండా కలిపిన రాణులు ఎక్కువకాలం కలిసి ఉండవని, చివరికి ఒకటే మిగులుతుందని పెంపకందారుల అనుభవంలో తేలింది.

9.4 ఫారర్ లెక్క

ఈ ఆలోచనకు శాస్త్రీయ పునాది వేసినవాడు అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన సి. ఎల్. ఫారర్. 1937లో ప్రచురించిన పరిశోధనలో ఆయన కుటుంబ జనాభాకు, తేనె దిగుబడికి ఉన్న సంబంధాన్ని పరిశీలించాడు. ఈగల సంఖ్య పెరిగేకొద్దీ మొత్తం తేనె మాత్రమే కాదు, ఒక్కొక్క ఈగ వాటాకు వచ్చే తేనె కూడా పెరుగుతుందని చూపించాడు. చిన్న కుటుంబంలో ఎక్కువ ఈగలు పిల్లల పోషణకే సరిపోతాయి. పెద్ద కుటుంబంలో ఈగల సంఖ్యతో పోలిస్తే పిల్లలు తక్కువ కాబట్టి, బయటికి వెళ్లే ఈగల వాటా పెరుగుతుంది.

ఆయన అంచనా ప్రకారం 15,000 ఈగలున్న నాలుగు కుటుంబాలు కలిసి ఇచ్చే తేనెకు 1.54 రెట్లు, 60,000 ఈగలున్న ఒకే కుటుంబం ఇస్తుంది. ఈగల మొత్తం సంఖ్య రెండు చోట్లా ఒకటేనని గమనించండి.

ఫారర్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో అభివృద్ధి చేసిన పద్ధతి స్థూలంగా ఇలా ఉంటుంది:

అ) ప్రధాన మకరంద కాలానికి సుమారు రెండు నెలల ముందు బలమైన కుటుంబాన్ని విడదీస్తారు. పాత రాణి కింద ఉంటుంది. మూతపడిన పిల్లల చట్రాలలో కొంత, ఈగలలో కొంత పై పెట్టెలోకి మార్చి, అక్కడ కొత్త రాణిని ప్రవేశపెడతారు. మధ్యలో మూత ఉంటుంది.
ఆ) కొత్త రాణి గుడ్లు పెట్టడం స్థిరపడ్డాక మూత తీసి, జాలీ వేస్తారు. ఇక కూలి ఈగలు ఒకే కుటుంబంగా కలిసిపోతాయి.
ఇ) మకరంద కాలం ముగియడానికి కొన్ని వారాల ముందు జాలీ తీసేస్తారు. అప్పుడు పెట్టే గుడ్ల నుంచి వచ్చే ఈగలు ఆ పంటకు అందిరావు కాబట్టి రెండో రాణి అవసరం తీరిపోతుంది. ఒక రాణి మిగులుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
పెద్ద కుటుంబంలో ఈగ ఒక్కింటికి తేనె ఎందుకు పెరుగుతుంది?

9.5 ఎందుకు విస్తరించలేదు?

ఈ పద్ధతి రహస్యంగా మిగిలిపోలేదు. ఫారర్ తరవాత మాడిసన్‌లోనే పనిచేసిన మోలర్ రచనను అమెరికా వ్యవసాయ శాఖ 1976లో ప్రచురించింది. పత్రికలు రాశాయి. అయినా వాణిజ్య పెంపకందారుల్లో ఎక్కువమంది ఏకరాణి పద్ధతిలోనే కొనసాగారు. కాబట్టి అజ్ఞానం అనే జవాబు ఇక్కడ పనికిరాదు. అసలు కారణాలను చూద్దాం.

మొదటిది శ్రమ. జంట రాణుల పెట్టె అంతస్తులు అంతస్తులుగా పెరిగి మనిషి ఎత్తుకు చేరుతుంది. తేనె నిండిన లోతైన ఒక గది బరువు 35 కిలోలు దాటుతుంది. కింది రాణిని చూడాలంటే పై గదులన్నీ దించి మళ్లీ ఎక్కించాలి. కూలి ఖర్చు ఎక్కువగా ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు.

రెండోది కాలం. పూలు ఎప్పుడు పూస్తాయో ముందే తెలిసి, మకరంద కాలం దీర్ఘంగా సాగే ప్రాంతాలలోనే ఈ ఏర్పాటు ఫలిస్తుంది. వాన పడో, ఎండ ముదిరో పూత దెబ్బతింటే, ఆ పెద్ద కుటుంబం కూడబెట్టిన తేనెను తానే తినేస్తుంది.

మూడోది మార్కెట్టు. అమెరికాలో తేనెతో పాటు పరాగ సంపర్కానికి పెట్టెలను అద్దెకివ్వడం పెద్ద ఆదాయమైంది. ముఖ్యంగా ఫిబ్రవరిలో కాలిఫోర్నియా బాదం తోటలకు లారీల్లో పెట్టెలు తరలిస్తారు. అద్దె పెట్టె లెక్కన వస్తుంది. అక్కడ కావలసినవి లారీలో సులువుగా పేర్చగల, సమాన బలం గల ఎక్కువ పెట్టెలు. ఎత్తైన కొద్ది పెట్టెలు కాదు. 1987లో అమెరికాలో వరోవా పురుగు కనిపించిన తరవాత మరో చిక్కు వచ్చింది. ఆ పురుగు పిల్లల గదుల్లోనే వృద్ధి చెందుతుంది కాబట్టి, పిల్లలు ఎక్కువైతే దాని బెడదా ఎక్కువవుతుంది.

9.6 దేనితో పోల్చాలి?

ఇక్కడే మీరు చరిత్ర విద్యార్థులుగా నిలబడి ఆలోచించాలి. "జంట రాణుల పెట్టె ఎక్కువ తేనె ఇస్తుంది" అనే వాక్యం నిజమే. కానీ దేనికంటే ఎక్కువ? ఒక ఏకరాణి పెట్టెతో పోలిస్తే తప్పక ఎక్కువే. అయితే అందులో రెండు రాణుల ఖర్చు ఉంది, ఎక్కువ గదులున్నాయి. అదే రెండు రాణులతో రెండు విడి కుటుంబాలు నడిపితే వచ్చే తేనెతో పోల్చడం న్యాయం. పెంపకందారుడైతే ఇంకో లెక్క వేస్తాడు: ఒక రోజు శ్రమకు ఎంత తేనె?

మరో సంగతి. ఫారర్ 1.54 రెట్ల లెక్క నిరూపించేది పెద్ద జనాభా విలువను. రెండు రాణులు ఆ జనాభాను సాధించే మార్గాల్లో ఒకటి మాత్రమే. మంచి వయసులో ఉన్న ఒక రాణితో, సరిపడా చోటుతో, వలసపోకుండా కాపాడుకుంటూ బలమైన కుటుంబాన్ని తయారుచేయడం ఇంకో మార్గం. చాలామంది ఎంచుకున్నది దాన్నే. అంటే వారు ఫారర్ పరికరాన్ని వదిలి, ఆయన సూత్రాన్ని ఉంచుకున్నారు.

ఈ లెక్కలు యూరప్ తేనెటీగకు సంబంధించినవి. భారతదేశంలో ఆ జాతి పెంపకం 1960లలో అప్పటి పంజాబ్‌లో స్థిరపడింది. మన నాటు పుట్టు తేనెటీగ కుటుంబాలు చిన్నవి, ఇబ్బంది కలిగితే పెట్టె వదిలి పోయే స్వభావం గలవి. కాబట్టి ఈ అంకెలను వాటికి యథాతథంగా అన్వయించకూడదు.

అయితే ప్రశ్న మాత్రం మనకూ వర్తిస్తుంది. ఎకరాకు ఎన్ని బస్తాలన్నది ఒక కొలమానం. పెట్టిన రూపాయికి ఎంత, పడ్డ కష్టానికి ఎంత, వాన లేని ఏడు ఎంత అన్నవి వేరే కొలమానాలు. దిగుబడి గణాంకం కనబడినప్పుడల్లా, దాన్ని దేనితో భాగించారో అడగండి. ఆ భాజకాన్ని ఎంచుకున్నదెవరో కూడా అడగండి. మీ గ్రామంలో ఎవరైనా ఒక కొత్త విత్తనాన్నో, యంత్రాన్నో వదిలేసి ఉంటే, వారిని వెనకబడినవారని రాసే ముందు వారి లెక్క వినండి.

9.7 సారాంశం

కదిలే చట్రాలు, రాణి నిరోధక జాలీ జంట రాణుల పద్ధతికి దారి తీశాయి. వెల్స్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు, ఫారర్ దానికి శాస్త్రీయ ఆధారం చూపాడు. పెట్టె లెక్కన అది గెలిచింది. శ్రమ, వాతావరణం, మార్కెట్టు లెక్కన ఏకరాణి పద్ధతి నిలిచింది. సాంకేతిక పద్ధతి భవిష్యత్తును దాని సామర్థ్యం ఒక్కటే నిర్ణయించదు. ఆ సామర్థ్యాన్ని ఏ కొలమానంతో కొలిచారన్నది కూడా నిర్ణయిస్తుంది.

9.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబు రాయండి.
1. జంట రాణుల పద్ధతి పరిణామాన్ని వివరించి, అది విస్తరించకపోవడానికి కారణాలను చర్చించండి.
2. మీ ప్రాంతంలో రైతులు విడిచిపెట్టిన ఒక వ్యవసాయ పద్ధతిని తీసుకుని, వారి నిర్ణయం వెనక ఉన్న లెక్కను పరిశీలించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తులలో జవాబు రాయండి.
1. లాంగ్‌స్ట్రాత్ పెట్టె ప్రాముఖ్యం ఏమిటి?
2. ఫారర్ లెక్క ఏమి నిరూపిస్తుంది, ఏమి నిరూపించదు?