పేరు లేని మాంత్రికుడు

పరీక్షలు అయిపోయిన మర్నాడే మమ్మల్ని అమ్మమ్మగారి ఊరికి పంపించేసేవారు. తెనాలి దాకా రైలు, అక్కణ్ణించి రిక్షా. ఇల్లు చేరగానే మిగతా పిల్లలు మామిడితోటకి పరిగెత్తేవారు. నేను మాత్రం వంటింటి అటక కేసి చూసేదాన్ని. ఆవకాయ జాడీల వెనకాల అక్కడో రేకు పెట్టె ఉండేది. మా పెద్దమామయ్య చిన్నప్పుడు 'చందమామ'లోంచి సీరియల్ కాగితాలు జాగ్రత్తగా విప్పదీసి, దారంతో కుట్టి, మైదాపిండి జిగురుతో అట్టలంటించిన పుస్తకాలు అందులో ఉండేవి. పెట్టె మూత తెరిస్తే పాత కాగితం వాసన, ఆవనూనె వాసన కలిసి వచ్చేవి. ఇవాళ్టికీ కొత్త ఆవకాయ కలిపేటప్పుడు నాకు మాంత్రికులే గుర్తొస్తారంటే మా వారు నవ్వుతారు.

ఆ పుస్తకాల్లో నాకు ప్రాణం 'తోకచుక్క'. కుండలినీ ద్వీపం, సమరసేనుడు, ఒంటికన్ను ఏకాక్షి, నాలుగు కళ్ళ చతుర్నేత్రుడు! మధ్యాహ్నం పెద్దవాళ్ళందరూ నడుం వాల్చాక వసారాలో మేము ఆడుకునే ఆట అదే. నేను ఎప్పుడూ ఏకాక్షినే. ఒక కంటికి అమ్మమ్మ పాత చీర పేలిక కట్టుకుంటే చాలు కదా! వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మామయ్య బైండు చేసిన తోకచుక్కకి చివరి ఆకులు లేవు. చెదలు తిన్నాయో, ఎవరైనా పొయ్యి రాజెయ్యడానికి తీశారో తెలీదు. అందుకని ప్రతి వేసవిలోనూ ముగింపు మేమే కల్పించుకునేవాళ్ళం. మా పిన్ని కొడుకు కల్పించే ముగింపులో ఏకాక్షి తప్పకుండా చచ్చిపోయేవాడు. అక్కడ దెబ్బలాట.

"ఇదెవరు రాశారమ్మమ్మా? వాళ్ళకి ఉత్తరం రాసి అడుగుదాం" అన్నాను ఒకసారి. అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని ముందు వెనకలు తిరగేసింది. ఎక్కడా పేరు లేదు. "ఎవరో చందమామ వాళ్ళు" అంది.

ఆ జవాబుతో చాలా ఏళ్ళు సరిపెట్టుకున్నాను. తరవాత నేనూ కథలు రాయడం మొదలుపెట్టాను. అచ్చులో నా పేరులో ఒక అక్షరం తప్పు పడితే రెండు రోజులు అన్నం సయించని మనిషిని నేను. అటువంటిదాన్ని కనక, పేరన్నది లేకుండా మమ్మల్ని అన్ని వేసవులు కట్టిపడేసిన మనిషి ఎవరా అని వెతకాలనిపించింది. వెతకడం మొదలుపెట్టింది తోకచుక్కతో కాదు, అదే పెట్టెలో పక్కనే ఉన్న బేతాళ కథలతో. పట్టువదలని విక్రమార్కుడు, చెట్టుమీంచి శవం, భుజాన బేతాళుడు. అది పట్టుకుని వెనక్కి నడిస్తే మద్రాసు మీంచి కాశ్మీరం, అక్కణ్ణించి మళ్ళీ మన గోదావరి ఒడ్డుకే వచ్చి పడ్డాను.

ఆ ఒడ్డునున్న ఊరు ప్రతిష్ఠానం, ఇవాళ మహారాష్ట్రలో ఉన్న పైఠాన్. శాతవాహనుల రాజధాని. అక్కడ గుణాఢ్యుడనే పండితుడు 'బృహత్కథ' రాశాడంటారు. ఆ కథ పుట్టుక కూడా ఒక మాయకథే. దానికి మూలం పార్వతీదేవి. ఇదివరకు ఎవరూ వినని కథ చెప్పమని శివుణ్ణి అడిగిందట. ఆయన తలుపులు మూయించి చెబుతుంటే పుష్పదంతుడనే గణం దొంగతనంగా విని, ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పేశాడు. ఆవిడ పార్వతి చెలికత్తె జయ. ఆవిడ కడుపులో కథ దాగుతుందా? కొత్త కథ దొరికింది కదా అని సాక్షాత్తూ పార్వతికే వినిపించింది! దాంతో పుష్పదంతుడికీ, అతని తరఫున మాట్లాడిన మాల్యవంతుడికీ శాపం. ఆ మాల్యవంతుడే గుణాఢ్యుడై పుట్టాడు.

రాజు శాతవాహనుడు ఒకనాడు రాణులతో జలక్రీడలాడుతున్నాడు. నీళ్ళు చల్లించుకోలేక విసిగిన రాణి "నీళ్ళతో కొట్టవద్దు" అని సంస్కృతంలో అంది. సంధి తెలియని రాజుకి అందులో 'మోదకాలు' వినిపించి, ఉండలు తెప్పించాడు. రాణి ఫక్కున నవ్వింది. అంతే, రాజు మంచమెక్కాడు. భార్య నవ్వితే మంచమెక్కే మగవాళ్ళు ఆనాడూ ఉన్నారన్నమాట. వ్యాకరణం ఆరేళ్ళలో నేర్పుతానన్నాడు గుణాఢ్యుడు. శర్వవర్మ అనే ఇంకో పండితుడు ఆరు నెలలు చాలన్నాడు. అదే జరిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కాశాడు. ఓడిపోయాడు. మౌనంగా అడవికి పోయి, అక్కడి పిశాచాల దగ్గర పైశాచీ భాష నేర్చుకుని, ఏడేళ్ళపాటు ఏడు లక్షల శ్లోకాల కథ రాశాడు. అడవిలో సిరా ఏది? తన నెత్తురుతోనే రాశాడట.

దాన్ని రాజుగారి దగ్గరికి పంపిస్తే ఏమైంది? పైశాచీ ఏమిటి, నెత్తురేమిటి అని తిప్పి పంపేశాడు. గుణాఢ్యుడు కొండమీద నిప్పు రాజేసి, ఒక్కొక్క ఆకూ పైకి చదువుతూ మంటలో వేయసాగాడు. లేళ్ళు, పందులు, దున్నలు చుట్టూ చేరి, మేత మాని, కన్నీళ్ళు కారుస్తూ వింటున్నాయి. ఆ సంగతి ఎలా బయటపడిందో తెలుసా? రాజుగారి వంటింట్లో! రాజుకి జబ్బు చేసింది. ఎండు మాంసం తినడం వల్లనన్నారు వైద్యులు. వంటవాళ్ళని గదిమితే వేటగాళ్ళ మీదికి తోశారు. వేటగాళ్ళు చెప్పారు: "కొండమీద ఒకాయన కథలు చదివి తగలేస్తున్నాడు మహాప్రభో, జంతువులు మేత ముట్టడం లేదు" అని. రాజు పరుగున వెళ్ళేసరికి ఆరు లక్షలు బూడిదైపోయాయి. శిష్యులు ఇష్టపడి దాచుకున్న ఒక్క లక్ష మిగిలింది.

ఆ మిగిలినదీ మనదాకా రాలేదు. పైశాచీ బృహత్కథ ఇప్పుడు ఎక్కడా లేదు. దాన్ని విని తిరిగి చెప్పినవాళ్ళ పుస్తకాలే ఉన్నాయి. వాటిలో పెద్దది పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన 'కథాసరిత్సాగరం', ఇరవై ఒక్క వేలకు పైగా శ్లోకాలు. ఇదీ ఒక ఆడమనిషి కోసమే. అనంతుడనే రాజుగారి భార్య సూర్యమతికి మనసు ఊరటగా ఉండాలని రాశాడు. పాపం, ఆవిడకి ఊరట అవసరమే. తనే పట్టుబట్టి కొడుక్కి రాజ్యం ఇప్పించింది. ఆ కొడుకే ఎదురు తిరిగాడు. 1081లో భర్త ఆత్మహత్య చేసుకుంటే ఆవిడ చితి ఎక్కింది. పిల్లల కథలని మనం తేలిగ్గా అనేస్తాంగానీ, ఇవి మొదట ఎవరి దుఃఖం దగ్గర కూర్చుని చెప్పినవో చూడండి.

మన బేతాళుడు ఆ సాగరంలోనే ఉన్నాడు. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డు ప్రతిష్ఠానమే. కథలు ఇరవై నాలుగు పైచిలుకు. చివరి చిక్కుప్రశ్నకి రాజుకి జవాబు తోచక నోరు మూసుకుంటాడు. అక్కడితో సరి. కానీ చందమామ బేతాళుడికి మాత్రం ఆ చివరి ప్రశ్న అడిగే తొందర లేకపోయింది. నెలకొక కథ చొప్పున కొన్ని దశాబ్దాలు, వందల కొద్దీ కొత్త కథలు చెప్పాడు. శవం బరువు రాజుది, కథ బరువు రచయితలది.

మధ్యలో మన గోదావరి జిల్లా మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' చెప్పుకోకపోతే తప్పు. మణిసిద్ధుడు కాశీకి పోతూ తోడు రమ్మంటే, మజిలీకొక కథ చెబితేనే వస్తానని పశువుల కాపరి కుర్రాడు బేరం పెడతాడు. కథ చెబితేగాని ముద్ద మింగని పిల్లల్ని పెంచిన తల్లులకి ఆ బేరం కొత్తేమీ కాదు. అందులోని కథ ఆధారంగానే 1951లో 'పాతాళభైరవి' సినిమా వచ్చింది. తీసినవారు నాగిరెడ్డి, చక్రపాణి. 1947 జూలైలో మద్రాసులో చందమామ ప్రారంభించిందీ వారే.

ఆ పత్రికని ఇరవై ఎనిమిదేళ్ళు నడిపిన చెయ్యి కొడవటిగంటి కుటుంబరావుగారిది. 1952లో చేరి, 1980లో కన్నుమూసేవరకూ అక్కడే. సంపాదకుడిగా అచ్చయ్యే పేరు మాత్రం చక్రపాణిగారిది. కుటుంబరావుగారు హేతువాది. దెయ్యాల్ని నమ్మని మనిషి నెలనెలా బేతాళుణ్ణి చెట్టెక్కించి దింపారన్నమాట! బయటినుంచి వచ్చిన కథల్ని కూడా తిరగరాసి, ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా ఎక్కడా కాలు తట్టుకోని తెలుగులో పెట్టేవారు. నేను బడిలో నేర్చుకున్న తెలుగు వేరు, రాయడానికి పనికొచ్చిన తెలుగు ఇది. ముందు తెలుగులో తయారైన ఆ కథలే తక్కిన భాషల చందమామల్లోకి వెళ్ళేవి. మరాఠీలో 'చాందోబా'. అంటే ప్రతిష్ఠానంలో బయలుదేరిన బేతాళుడు కాశ్మీరం చుట్టి, మద్రాసులో తెలుగు నేర్చుకుని, మళ్ళీ పైఠాన్ పిల్లల చేతుల్లోకి చేరాడు.

మరి నా ఏకాక్షి? ఆయన్ని సృష్టించింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం... అలా డెబ్భైల చివరిదాకా పన్నెండు సీరియల్స్. ఒక్కదానిమీదా ఆయన పేరు లేదు. ఆ మాంత్రికుల గడ్డాలకీ, మొసళ్ళ కోరలకీ బొమ్మలు గీసిన 'చిత్ర'గారి సంతకం బొమ్మ కింద ఉండేది, విక్రమార్కుడి భుజాన శవాన్ని వేసిన శంకర్‌గారి సంతకమూ ఉండేది. రాసినవాడి సంతకమే లేదు. కథలన్నీ చందమామ చెబుతున్నట్టే ఉండాలని ఆ ఇంటి పద్ధతి. అది తప్పని నేననను. బహుశా ఆ పద్ధతి వల్లనే పత్రిక అంతా ఒకే గొంతుతో, ఒక అమ్మమ్మ చెప్పినట్టు వినిపించింది. కానీ ఇరవై ఏళ్ళకు పైగా లక్షలమంది పిల్లల వేసవులు నింపిన మనిషి రైల్లో ఎదురుగా కూర్చుని ఉండగా, పక్కసీటులో పిల్ల ఆయన సీరియలే చదువుతుంటే ఆయనకెలా ఉండేదో అని ఆలోచిస్తాను. నాకైతే చెప్పకుండా ఉండటం చేతనయ్యేది కాదు.

ఆయన 2010 జనవరిలో పోయారు. నేను ఆ పేరు మొదటిసారి చూసింది చనిపోయిన వార్తలోనే. చందమామ కూడా ఆ తర్వాత మూడేళ్ళకే ఆగిపోయింది. సీరియల్స్ మాత్రం ఆయన పేరు అచ్చయిన అట్టలతో పుస్తకాలుగా వచ్చాయి. తోకచుక్క కొని, ముందు చివరి పేజీలు తిప్పాను. ఏకాక్షి గతి ఏమైందో నేను చెప్పను, మీ పిల్లల చేత చదివించి తెలుసుకోండి. మా పిన్ని కొడుక్కి ఫోను చేసి మాత్రం చెప్పాను.

వార్త చదివిన ఆ సంక్రాంతి నెలలోనే ఊరు వెళ్ళినప్పుడు, అమ్మమ్మ పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. చెవి కాస్త మందం. కుటుంబరావుగారిది తెనాలి, చక్రపాణిగారిది తెనాలి, ఈ సుబ్రహ్మణ్యంగారిదీ తెనాలి దగ్గర పల్లెటూరేనని గట్టిగా అరిచి చెప్పాను. ఆవిడ కాసేపు అటక కేసి చూసి,

"మన పక్కవాళ్ళేనుటే! ముందే తెలిస్తే ఒక కార్డు ముక్క రాసి పడేద్దుం కదా, ఆ చివరి కాగితాలు పంపించవయ్యా అని" అంది.